ప్రైమరీ కీ లేని టేబుళ్లు: ఎందుకు వెతకాలి? ఎలా వెతకాలి?

ఒక కాలేజీ ఫీజుల టేబుల్‌ను తీసుకుందాం. అందులో మూడే కాలమ్‌లు: రోల్ నంబరు, కట్టిన తేదీ, కట్టిన సొమ్ము. 214వ నంబరు, జూన్ 12, 5,000 రూపాయలు అని ఒక వరుస ఉంది. అక్షరం తేడా లేకుండా అదే మరో వరుస కూడా ఉంది. ఆ విద్యార్థి ఒకే రోజు రెండుసార్లు కట్టాడా? కౌంటర్లో గుమాస్తా సేవ్ బటన్‌ను రెండుసార్లు నొక్కాడా? టేబుల్‌ను చూసి ఎవరూ చెప్పలేరు. సరే, రసీదు పుస్తకం తిరగేసి రెండోది పొరపాటని తేల్చుకున్నామనుకోండి. ఒకదాన్ని తీసేద్దామంటే అదీ తేలిగ్గా కుదరదు. రోల్ నంబరు ఇది, తేదీ ఇది, సొమ్ము ఇది అని ఎంత గట్టిగా షరతు రాసినా రెండు వరుసలూ దానికి సరిపోతాయి. డిలీట్ కొడితే రెండూ పోతాయి. విద్యార్థి నిజంగా కట్టిన ఐదు వేలు కూడా లెక్కలోంచి మాయమవుతాయి.

అదే టేబుల్‌లో రసీదు నంబరు అనే కాలమ్ ఉండి, దాన్ని ప్రైమరీ కీగా ప్రకటించి ఉంటే ఈ అవస్థ వచ్చేది కాదు. ఒక రసీదుకు ఒకే వరుస. అదే రసీదును మళ్లీ ఎక్కించబోతే డేటాబేసే తిప్పికొడుతుంది. తీసేయాల్సి వస్తే ఫలానా రసీదు అని వేలు పెట్టి చూపించొచ్చు.

ప్రైమరీ కీకి రెండు లక్షణాలు ఉండాలని పాఠాల్లో చెబుతారు: విలువ మళ్లీ రాకూడదు, ఖాళీగా, అంటే నల్‌గా, ఉండకూడదు. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో యూనిక్ కీకి, ప్రైమరీ కీకి తేడా అడిగితే అందరూ ఇదే అప్పజెబుతారు. ఆ జవాబు తప్పేమీ కాదు, కానీ అసలు సంగతి అందులో లేదు. ఈ టేబుల్‌లో ఒక వరుస అంటే బయటి ప్రపంచంలో ఏమిటి? ఒక రసీదా, ఒక విద్యార్థా, ఒక రోజు వసూలా? ఈ ప్రశ్నకు టేబుల్ తయారుచేసినవాళ్లు ఇచ్చే జవాబే ప్రైమరీ కీ. అది లేని టేబుల్ దొరికిందంటే, చాలాసార్లు ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదని అర్థం. అందుకే వాటిని వెతకాలి.

కీ లేకపోయినా డేటాబేస్ ఎందుకు ఒప్పుకుంటుంది?

రిలేషనల్ డేటాబేస్‌లకు పునాది వేసిన ఎడ్గార్ కాడ్ ఒప్పుకోలేదు. ఐబీఎం శాన్‌హోసే పరిశోధనశాలలో పనిచేస్తూ 1970లో ఆయన అచ్చువేసిన వ్యాసంలోనే ప్రైమరీ కీ అన్న మాట ఉంది. ఆయన లెక్కలో టేబుల్ అంటే గణితంలోని సమితి. సమితిలో ఒకే వస్తువు రెండుసార్లు ఉండటమనే మాటే లేదు. 1985లో, ఏది నిజమైన రిలేషనల్ డేటాబేసో తేల్చడానికి ఆయన కొన్ని సూత్రాలు రాశారు. వాటిలో రెండోది ఇలా చెబుతుంది: టేబుల్ పేరు, ప్రైమరీ కీ విలువ, కాలమ్ పేరు, ఈ మూడూ చెబితే డేటాబేస్‌లోని ఏ విలువనైనా చేరుకోగలగాలి. కీ లేకపోతే ఆ మూడింటిలో నడిమి మెట్టు విరిగిపోయినట్టే.

ఎస్‌క్యూఎల్ భాష మాత్రం అంత కఠినంగా ఉండలేదు. కీ లేని టేబుల్‌ను ఒప్పుకుంది, ఒకేలాంటి వరుసలనూ ఒప్పుకుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అన్నీ అదే దారిలో నడిచాయి. ఎస్‌క్యూలైట్ ఇంకో అడుగు ముందుకేసింది. పాత పొరపాటు ఒకటి అలాగే నిలిచిపోయి, కొన్ని రకాల టేబుళ్లలో ప్రైమరీ కీ కాలమ్‌లో కూడా నల్‌ను రానిస్తుంది. పాత అప్లికేషన్లు ఆగిపోతాయని దాన్ని సరిదిద్దలేదు.

ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా, ఇప్పుడేం మునిగింది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒకే సర్వర్ మీద వరుసలు ఎక్కిస్తూ, చదువుకుంటూ ఉన్నంత కాలం కీ లేని లోటు చాలామందికి కనబడదు. ఆ డేటాను ఇంకో సర్వర్‌కు నకలు చేయడం, అంటే రెప్లికేషన్, మొదలుపెట్టిన రోజున బయటపడుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఇది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. పది లక్షల వరుసలున్న టేబుల్‌కు ప్రైమరీ కీ లేదు, వేరే ఇండెక్సూ లేదు. పాత డేటా తీసేద్దామని ఒక లక్ష వరుసలకు సరిపడే డిలీట్ ఒకటి ఇచ్చారు. అసలు సర్వర్ టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి చదివి, సరిపోయినవి తీసేస్తుంది. కొన్ని సెకన్ల పని. కానీ నకలు సర్వర్‌కు వెళ్లేది ఆ డిలీట్ వాక్యం కాదు. 5.7 వెర్షన్ నుంచి మామూలుగా ఉండే అమరికలో, తీసేసిన ఒక్కొక్క వరుస విడివిడిగా వెళుతుంది. లక్ష వరుసలు, లక్ష కబుర్లు. ఒక్కో కబురు అందినప్పుడల్లా నకలు సర్వర్ ఆ వరుస తన దగ్గర ఎక్కడుందో వెతుక్కోవాలి. కీ ఉంటే నేరుగా దాని దగ్గరకు వెళుతుంది. లేకపోతే టేబుల్‌ను మొదటినుంచీ చదువుకుంటూ రావాలి. సగటున సగం టేబుల్ చదివితే దొరుకుతుందనుకున్నా, ఐదు లక్షలు ఇంటూ ఒక లక్ష, మొత్తం 5,000 కోట్ల వరుసల చదువు. అసలు సర్వర్ పని ముగించి విశ్రాంతిగా ఉంటే, నకలు సర్వర్ గంటల తరబడి అక్కడే ఆగిపోతుంది. ఆ వెనకబాటంతా నకలు సర్వర్ నుంచి రిపోర్టులు చూసేవాళ్లకు పాత అంకెలుగా కనబడుతుంది. తర్వాతి వెర్షన్లలో వరుసలను గుంపుగా పట్టుకుని, హాష్ పద్ధతిలో వెతికే ఏర్పాటే మామూలు అమరిక అయింది. దానివల్ల బాధ తగ్గిందే తప్ప టేబుల్‌ను చదవాల్సిన అవసరం పోలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజిన్ ఇంకో పని చేస్తుంది. వరుసలను అది ప్రైమరీ కీ క్రమంలోనే డిస్కు మీద పేరుస్తుంది. కీ లేకపోతే నల్ రాని యూనిక్ ఇండెక్స్ ఏదైనా ఉందా అని చూసి, మొదటిదాన్ని వాడుకుంటుంది. అదీ లేకపోతే 6 బైట్ల రహస్య నంబరును తానే పుట్టించి ప్రతి వరుసకూ తగిలిస్తుంది. ఆ నంబరు మీకు కనబడదు, క్వెరీలో వాడుకోవడానికి పనికిరాదు. పైగా అది ఆ సర్వర్ సొంతం. నకలు సర్వర్‌లో అదే వరుసకు వేరే నంబరు ఉండొచ్చు. డిస్కు మీద స్థలం ఖర్చయింది, మీకు ఒరిగిందేమీ లేదు.

ఒకే డేటాను చాలా మైఎస్‌క్యూఎల్ సర్వర్లలో ఉంచే గలేరా క్లస్టర్లలో కీ లేని టేబుళ్ల మీద డిలీట్‌కు మద్దతే లేదు. మైఎస్‌క్యూఎల్ సొంత గ్రూప్ రెప్లికేషన్ కూడా ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ గానీ, నల్ రాని యూనిక్ కీ గానీ ఉండి తీరాలంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్‌కు టేబుల్‌ను చేర్చాలంటే ప్రైమరీ కీ తప్పనిసరి.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది పోస్ట్‌గ్రెస్‌లో జరిగేది. దానిలో 10వ వెర్షన్ నుంచి లాజికల్ రెప్లికేషన్ ఉంది. కొత్త సర్వర్‌కు డేటా పంపాలని అన్ని టేబుళ్లనూ కలిపి ఒక పబ్లికేషన్, అంటే పంపాల్సిన టేబుళ్ల జాబితా, పెట్టారనుకోండి. కీ లేని టేబుల్‌లోకి కొత్త వరుసలు మామూలుగానే ఎక్కుతుంటాయి. అందుకని ఎవరికీ అనుమానం రాదు. అప్‌డేట్ గానీ డిలీట్ గానీ వచ్చినప్పుడు మాత్రం, ఈ టేబుల్‌కు రెప్లికా ఐడెంటిటీ (వరుసను గుర్తుపట్టే ఆధారం) లేదంటూ ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ వచ్చేది నకలు సర్వర్‌లో కాదు, అసలు సర్వర్‌లో. అంటే అప్పటిదాకా జనం వాడుకుంటున్న అప్లికేషనే ఆగిపోతుంది. ఈ వెతుకులాట పబ్లికేషన్ పెట్టకముందే జరిగి ఉంటే ఆ రోజు ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇలాంటి టేబుళ్లు ఎలా పుడతాయి?

బద్ధకంతో పుట్టేవి తక్కువ. తరచుగా కాపీల వల్లే వస్తాయి. ఒక పెద్ద మార్పు చేసే ముందు జాగ్రత్త కోసం క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్ అని రాసి టేబుల్‌కు కాపీ తీసుకుంటారు. డేటా వస్తుంది, ప్రైమరీ కీ రాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సెలెక్ట్ ఇంటూ కూడా అంతే. తర్వాత ఏదో తేడా వచ్చి ఆ కాపీనే అసలు పేరుకు మార్చేస్తారు. టేబుల్ పేరు అదే, కాలమ్‌లు అవే, అప్లికేషన్ పనిచేస్తూనే ఉంటుంది. కీ పోయిన సంగతి ఎవరి కంటా పడదు.

ఎక్సెల్, సీఎస్‌వీ ఫైళ్లనుంచి ఎక్కించినవి ఇంకో రకం. పైథాన్‌లో పాండాస్‌తో డేటాబేస్‌లోకి తోసిన టేబుల్‌కు ప్రైమరీ కీ దానంతట అది రాదు. లాగ్ టేబుళ్లకు కీ ఎందుకులే అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. విద్యార్థికీ కోర్సుకూ లంకె కలిపే టేబుళ్లలోనూ ఇది తరచుగా జరుగుతుంది. రెండు నంబర్లే కదా, వాటికి మళ్లీ కీ ఏమిటని అనిపిస్తుంది. నిజానికి ఆ రెండూ కలిసే ప్రైమరీ కీ. అది పెట్టకపోతే ఒకే విద్యార్థి ఒకే కోర్సులో రెండుసార్లు చేరతాడు, తరగతి సంఖ్య తప్పుతుంది.

ఎలా వెతకాలి?

ఉపాయం చాలా చిన్నది: రెండు జాబితాలు తీసుకుని, ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేయడం. మొదటిది, డేటాబేస్‌లోని అన్ని టేబుళ్లు. రెండోది, ప్రైమరీ కీ ఉన్న టేబుళ్లు. మిగిలినవే మనకు కావలసినవి.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడింటిలోనూ ఇన్ఫర్మేషన్ స్కీమా ఉంటుంది. అందులోని టేబుల్స్ అనే వ్యూలో టేబుల్ రకం బేస్ టేబుల్ అని ఉన్నవి మాత్రమే తీసుకోండి. లేకపోతే వ్యూలు కూడా వచ్చి కలుస్తాయి, వాటికి కీలు ఉండవు కాబట్టి జాబితా అనవసరంగా పెరుగుతుంది. డేటాబేస్ తన సొంతానికి వాడుకునే స్కీమాలను పక్కన పెట్టండి. తర్వాత టేబుల్ కన్‌స్ట్రెయింట్స్ అనే వ్యూలో, అదే స్కీమా, అదే టేబుల్ పేరు, రకం ప్రైమరీ కీ ఉన్న వరుస లేనివాటిని నాట్ ఎగ్జిస్ట్స్‌తో పట్టుకోండి. పది లైన్లు కూడా పట్టదు.

ఇంత చిన్న క్వెరీ కూడా తప్పు జవాబు ఇవ్వగలదు. టేబుల్ పేరుతో మాత్రమే పోల్చి స్కీమాను వదిలేస్తే, ఒక స్కీమాలోని విద్యార్థుల టేబుల్‌కు కీ ఉన్నందువల్ల ఇంకో స్కీమాలోని అదే పేరున్న, కీ లేని టేబుల్ దాక్కుంటుంది. నాట్ ఎగ్జిస్ట్స్ బదులు లెఫ్ట్ జాయిన్ రాసేవాళ్లు చేసే పొరపాటు ఇంకోటి ఉంది. రకం ప్రైమరీ కీ కావాలన్న షరతు జాయిన్‌కు చెందిన ఆన్ దగ్గర ఉండాలి. దాన్ని కిందకు, వేర్ దగ్గరకు తెచ్చి, అక్కడే రెండో జాబితాలోని పేరు నల్ కావాలని కూడా అడిగితే రెండు షరతులూ ఒకదానితో ఒకటి కొట్టుకుని ఒక్క వరుసా రాదు. అంతా బాగుందని సంతోషించి ఊరుకుంటారు. ఆ షరతును పూర్తిగా మరిచిపోతే ఫారిన్ కీ మాత్రమే ఉన్న టేబుల్ కూడా ఏదో ఒక కట్టుబాటు (కన్‌స్ట్రెయింట్) ఉందన్న లెక్కలో తప్పించుకుంటుంది.

పోస్ట్‌గ్రెస్‌లో మరో చిక్కు ఉంది. టేబుల్ కన్‌స్ట్రెయింట్స్ వ్యూ, మీరు సొంతదారైన టేబుళ్లనూ, సెలెక్ట్ కాకుండా మరేదైనా హక్కు ఉన్న టేబుళ్లనూ మాత్రమే చూపిస్తుంది. టేబుల్స్ వ్యూకు ఆ పట్టింపు లేదు, చదివే హక్కు ఉన్నా చాలు. కాబట్టి రిపోర్టుల కోసం ఇచ్చిన చదువుకునే యూజర్‌తో ఈ క్వెరీ నడిపితే మొదటి జాబితా నిండుగా, రెండోది ఖాళీగా వస్తుంది. డేటాబేస్‌లో ఒక్క టేబుల్‌కూ కీ లేదని తేలుతుంది! అందువల్ల పోస్ట్‌గ్రెస్‌లో సొంత కేటలాగ్‌నే అడగడం మేలు. పీజీ క్లాస్‌లో రకం ఆర్ అంటే మామూలు టేబుల్, పీ అంటే పార్టిషన్ చేసిన టేబుల్, రెండూ తీసుకోండి. పీజీ కన్‌స్ట్రెయింట్‌లో కాన్‌టైప్ పీ ఉన్నవాటిని అందులోంచి తీసేయండి.

ఒరాకిల్‌లో యూజర్ టేబుల్స్ నుంచి, యూజర్ కన్‌స్ట్రెయింట్స్‌లో రకం పీ ఉన్నవి తీసేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంకా సుళువు. ఆబ్జెక్ట్ ప్రాపర్టీ అనే ఫంక్షన్‌కు టేబుల్ హ్యాజ్ ప్రైమరీ కీ అన్న మాట ఇస్తే, కీ ఉంటే 1, లేకపోతే 0 అని చెబుతుంది.

ఏ డేటాబేస్ అయినా సరే, క్వెరీని నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టండి. కీ లేకుండా ఒక చిన్న టేబుల్‌ను కావాలనే తయారుచేయండి. అది జాబితాలోకి రావాలి. దానికి కీ పెట్టి మళ్లీ నడిపితే జాబితాలోంచి పోవాలి. రెండూ జరిగితేనే ఆ క్వెరీ చెప్పేది నమ్మదగ్గది.

జాబితాలో ఉన్నవన్నీ తప్పులేనా?

కాదు. ఫైల్‌లోని డేటాను అసలు టేబుల్‌లోకి ఎక్కించే ముందు కాసేపు నిలిపి, మర్నాడు ఖాళీ చేసే మజిలీ టేబుల్‌కు కీ లేకపోవడమే మంచిది. తప్పులతో వచ్చిన డేటాను అక్కడే పట్టుకుని చూడాలి కాబట్టి ఒకేలాంటి వరుసలు రావడానికి వీలుండాలి. నల్ రాని కాలమ్‌ల మీద యూనిక్ ఇండెక్స్ ఉన్న టేబుల్ కూడా గుర్తింపు ఉన్నట్టే, పేరు మారింది అంతే. నల్ వచ్చే కాలమ్ మీద యూనిక్ ఉంటే మాత్రం నమ్మొద్దు. చాలా డేటాబేస్‌లు అందులో ఎన్ని నల్‌లనైనా రానిస్తాయి.

మిగిలినవాటిలో దేనితో మొదలుపెట్టాలో తేల్చడానికి టేబుల్ పరిమాణం ఒక్కటే చూస్తే చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ అనే వ్యూ ఒక్కో టేబుల్ మీద ఎన్ని అప్‌డేట్లు, ఎన్ని డిలీట్లు జరిగాయో లెక్క చెబుతుంది. ఎక్కించడమే తప్ప మార్చని టేబుల్ కొన్నాళ్లు ఆగగలదు. రోజూ మార్పులు జరిగే టేబుల్ చిన్నదైనా ముందు దాన్నే చూడాలి.

దొరికాక ఏం చేయాలి?

చాలామంది వెంటనే చేసేది ఒకటే: ఐడీ అనే కాలమ్ చేర్చి, నంబర్లు వాటంతట అవే పడేలా పెట్టడం. నకలు సర్వర్ల బాధ దాంతో తీరుతుంది. మొదట చెప్పిన ఫీజుల బాధ తీరదు. అక్కడున్న రెండు వరుసలకూ 1, 2 అని రెండు ఐడీలు వస్తాయి, అంతే. ఒకటి పొరపాటన్న సంగతి మరింత లోతుగా పాతుకుపోతుంది, ఎందుకంటే ఇప్పుడవి చూడటానికి రెండు వేర్వేరు చెల్లింపుల్లా ఉంటాయి. ఐడీ పెట్టండి, తప్పులేదు. దానితోపాటు రసీదు నంబరులాంటి నిజమైన గుర్తింపు మీద యూనిక్ కట్టుబాటు కూడా పెట్టాలి. ఈ రెండో సగాన్ని వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఆ కట్టుబాటు పెట్టే ముందు ఇప్పటికే ఉన్న జంటలను తేల్చాలి. గుర్తింపు కాలమ్‌ల మీద గ్రూప్ బై చేసి, హ్యావింగ్ కౌంట్ ఒకటి కంటే ఎక్కువ అని అడిగితే అవి బయటపడతాయి. వాటిలో ఏది ఉంచాలో డేటాబేస్ మనిషి ఒక్కడే నిర్ణయించకూడదు. ఫీజుల విభాగం వాళ్లు రసీదులు చూసి చెప్పాలి. తీసేసేటప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో సీటీఐడీ, ఒరాకిల్‌లో రోఐడీ సాయం చేస్తాయి. ఇవి వరుస డిస్కు మీద ఎక్కడుందో చెప్పే చిరునామాలు. మైఎస్‌క్యూఎల్‌లో డిలీట్‌కు లిమిట్ 1 తగిలించొచ్చు. అయితే ఈ చిరునామాలను ఎక్కడా రాసిపెట్టుకుని తర్వాత వాడొద్దు. బస్సులో సీటు నంబరు లాంటివవి. మనిషి లేచి వేరే చోట కూర్చుంటే ఆ నంబరు ఇంకొకరిది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక అప్‌డేట్ జరిగినా సీటీఐడీ మారిపోతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో నకలు సర్వర్లు ఉన్నప్పుడు ఆటో ఇంక్రిమెంట్ కాలమ్‌ను నేరుగా ఆల్టర్‌తో చేర్చొద్దు. అసలు సర్వర్, నకలు సర్వర్ తమ దగ్గరున్న క్రమంలో ఎవరికి వారే నంబర్లు వేసుకుంటే, ఒకే ఐడీ రెండు చోట్ల రెండు వేర్వేరు వరుసలకు పడొచ్చు. కీతో కొత్త టేబుల్ తయారుచేసి, పాతదానిలోంచి అన్ని కాలమ్‌ల వారీగా ఆర్డర్ బై పెట్టి ఎక్కించి, తర్వాత పేర్లు మార్చడం క్షేమం. కాలమ్ పేర్లు రాయకుండా ఇన్సర్ట్ చేసే పాత ప్రోగ్రాములు కొత్త కాలమ్ రాగానే ఆగిపోతాయి. వాటికోసం 8.0.23 నుంచి కాలమ్‌ను ఇన్‌విజిబుల్‌గా పెట్టే వీలుంది.

పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుల్‌ను గంటల తరబడి తాళం వేసి ఉంచక్కర్లేదు. కాలమ్‌కు నల్ రాకుండా ముందే చేసుకుని, యూనిక్ ఇండెక్స్‌ను కన్‌కరెంట్లీ అన్న మాటతో కట్టండి. అది కట్టినంతసేపూ జనం పని సాగుతుంది. తర్వాత యూజింగ్ ఇండెక్స్ అని చెప్పి దాన్నే ప్రైమరీ కీగా ప్రకటిస్తే చిటికెలో అయిపోతుంది.

మళ్లీ రాకుండా ఎలా?

మైఎస్‌క్యూఎల్ 8.0.13లో ఎస్‌క్యూఎల్ రిక్వైర్ ప్రైమరీ కీ అనే సెట్టింగ్ వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే కీ లేని టేబుల్‌ను తయారుచేయనివ్వదు, ఉన్న కీని ఊరికే తీసేయనివ్వదు. 8.0.30లో ఇంకోటి వచ్చింది. కీ లేకుండా టేబుల్ తయారుచేస్తే కనబడని ఐడీ కాలమ్‌ను సర్వరే చేర్చి ప్రైమరీ కీగా పెడుతుంది. నకలు సర్వర్ ఆగిపోవడం కంటే అది నయమే. కానీ ఒక వరుస అంటే ఏమిటో ఎవరూ ఆలోచించకుండానే టేబుల్ పుట్టేస్తుంది. అందుకే నా ఓటు మొదటిదానికే. ఇలాంటి సెట్టింగ్ లేని డేటాబేస్‌లలో, స్కీమా మార్పులు పరీక్షించే ప్రతిసారీ ఈ వెతుకులాట క్వెరీని కూడా నడిపి, ఒప్పుకున్న మజిలీ టేబుళ్లు తప్ప కొత్త పేరు ఏది వచ్చినా ఆ మార్పును ఆపేయండి.

మీ చేతిలో డేటాబేస్ ఉంటే ఈ వారమే ఆ క్వెరీ నడపండి. వచ్చిన ప్రతి టేబుల్ పేరు ఎదురుగా, ఇందులో ఒక వరుస అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోయిన టేబుల్ దగ్గర ఆగి, దాన్ని వాడే విభాగం వాళ్లను పిలిచి అడగండి. కీ పెట్టే పని ఆ తర్వాతే.